దస్తావేజులను లామినేషన్ చేయించవచ్చా?

ఇల్లు, పొలం దస్తావేజుల అసలు ప్రతులను లామినేషన్ చేయించకూడదు. గోదావరి డెల్టా వంటి చెమ్మ ప్రాంతంలో వాటిని బాగా ఆరనిచ్చి, విడివిడి కవర్లలో పెట్టి, మూత బిగుతుగా పడే డబ్బాలో ఎత్తున దాచడమే మేలు.

జిగురు పూసిన ప్లాస్టిక్ పొర వేడికి కాగితాన్ని కరుచుకుంటుంది గనుక, చిరగకుండా దాన్ని మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. కాగితంలో అప్పటికే ఉన్న తేమ కూడా లోపలే చిక్కుకుంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, దస్తావేజు విలువ అందులోని రాతలోనే కాక స్టాంపు కాగితం, సిరా, వేలిముద్ర, వెనుక పుటల మీది రిజిస్ట్రేషన్ ముద్రల్లో కూడా ఉంటుంది. ప్లాస్టిక్ కింద పడిన వాటిని నేరుగా పరీక్షించడం కష్టం.

ఉదాహరణకు, కోనసీమ లంక గ్రామంలోని ఒక కుటుంబం తాతల నాటి క్రయపత్రాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తీసుకోదలచిందనుకుందాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో చెప్పిన, హక్కు పత్రాలు అప్పగించి చేసే తనఖాకు బ్యాంకు సాధారణంగా అసలు ప్రతినే అడుగుతుంది. మడతల దగ్గర నలిగి, అంచులు పసుపెక్కిన కాగితాన్నయినా పరిశీలించవచ్చు గాని, ప్లాస్టిక్ తొడిగిన దాన్ని చూస్తే అది రంగు జిరాక్సేమోనన్న అనుమానం వస్తుంది.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చేతిలో ఉంటే అసలు పోయినా ఫరవాలేదన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఈసీ మనం అడిగిన కాలంలో ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పట్టిక మాత్రమే. వరదలో కాగితం పాడైతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు కోరవచ్చు. ఆ దరఖాస్తుకు దస్తావేజు నంబరు, సంవత్సరం కావాలి గనుక వాటిని వేరే పుస్తకంలో రాసి ఉంచుకోవాలి.