రోడమైన్ టెస్టులో వెరాపమిల్ వేసినా తేడా ఎందుకు రాలేదు?

మీరు రాసినదాన్ని బట్టి, మామూలు ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్) కణాలకు మెరిసే రంగు రోడమైన్ 123 ఇచ్చారు. ఒక ట్యూబుకి దాంతో పాటు వెరాపమిల్ కూడా, అంటే మందుల్ని కణం బయటికి తోడేసే పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపుకి అడ్డుపడే మందు. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడిగి, రోడమైన్ కలపని మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) గంట ఉంచి, పక్క బిల్డింగ్‌లో ఉన్న, కణాల మెరుపు కొలిచే ఫ్లో సైటోమీటర్‌కి తీసుకెళ్ళారు. రెండు ట్యూబులకీ రీడింగ్ ఒకటే. వెరాపమిల్ పాడైందేమోనని మీ అనుమానం. నా అనుమానం మాత్రం కడగడం మీద.

వెరాపమిల్ పీ-గ్లైకోప్రోటీన్‌కి శాశ్వతంగా అతుక్కోదు, ఉన్నంతసేపే అడ్డం. కడిగితే అదీ పోతుంది, పంపు మళ్ళీ తోడేస్తుంది. అందుకే ఆ తర్వాతి గంటలో పోసే మీడియంలో కూడా వెరాపమిల్ ఉండాలి.

1976లో జూలియానో, లింగ్ గుర్తించిన ఈ ప్రోటీన్‌లో 1280 అమైనో ఆమ్లాలు, కణపు పొరను 12 సార్లు దాటే గొలుసు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మనిషిని లిఫ్ట్ దాకా పోనిచ్చి పట్టుకోడు కదా, గేటు దగ్గరే ఆపి పంపేస్తాడు. ఇదీ అంతే. కొవ్వులో కరిగే అణువు పొరలో ఉండగానే పట్టుకుని, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి బయటికి నెట్టేస్తుంది. విషమా కాదా అని చూడదు. క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్, గుండె మందు డైగాక్సిన్, మీ రోడమైన్, అన్నీ దానికి ఒకటే.

ఇక రెండో చిక్కు: మామూలు ఎంసీఎఫ్-7లో ఈ పంపు దాదాపు ఉండదు. లేని పంపుకి ఎంత అడ్డం వేస్తే ఏం లాభం? డాక్సోరుబిసిన్‌కి లొంగని రకం తెచ్చుకోండి. వాటిని పెంచే మీడియంలో ఆ మందు ఉంటుంది కాబట్టి టెస్టుకి వారం ముందే తీసేయండి. లేకపోతే అది కూడా మెరుస్తుంది, పంపు దగ్గర రోడమైన్‌తో పోటీ కూడా పడుతుంది.

ట్యూబుకి 5 లక్షల కణాలు, మి.లీ.కి 0.5 మైక్రోగ్రాముల రోడమైన్, 37 డిగ్రీల్లో 30 నిమిషాలు. చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. ఒక ట్యూబు అప్పుడే ఐసులోకి, అది మీ సున్నా సమయం. మిగతా రెంటికీ గ్లూకోజ్ ఉన్న వెచ్చటి మీడియం, ఒకదానికి 50 మైక్రోమోలార్ వెరాపమిల్‌తో, రెండోదానికి వెరాపమిల్ లేకుండా, దాన్ని కరిగించిన ద్రావకం డీఎంఎస్‌ఓ ఒక్కటే అదే పరిమాణంలో, గంటసేపు. ఉత్త పీబీఎస్‌లో వదిలేస్తే కణాల్లో ఏటీపీ తగ్గి పంపు నెమ్మదిస్తుంది.

గంట కాగానే మూడూ ఐసులోనే ఉండాలి. మే నెల హైదరాబాద్ ఎండలో చేత్తో పట్టుకుని నడిస్తే దారి పొడవునా పంపు ఆడుతూనే ఉంటుంది. బకెట్‌లో ఉత్త ముక్కలు వద్దు, నలగ్గొట్టిన ఐసులో కాసిని నీళ్ళు పోస్తే ట్యూబు చుట్టూ చలి సమంగా తగులుతుంది. చచ్చిన కణాలకే పట్టే రంగు ప్రొపిడియం అయోడైడ్‌తో వాటిని గుర్తించి లెక్కలోంచి తీసేయండి.

మీ అసలు ఉద్దేశం పసుపు సారం పరీక్షించడం అన్నారు కదా. పసుపులోని కర్‌క్యుమిన్ తనంతట తానే రోడమైన్‌లాగే ఆకుపచ్చగా మెరుస్తుంది, పంపు ఆగిందని పొరబడతారు. రోడమైన్ వేయకుండా సారం ఒక్కటే ఇచ్చిన ట్యూబు తప్పక పెట్టండి.