ఎకనామిస్ట్ ఉద్యోగానికి బయల్దేరే ముందు

చి. శ్రావణికి పెదనాన్న దీవెనలు.

ఎకనామిక్స్ ఎమ్మే అయిపోవస్తోంది, ఐఈఎస్ (ఇండియన్ ఎకనామిక్ సర్వీస్) రాయాలా, రిజర్వ్ బ్యాంకుకు వెళ్లాలా, ఏదైనా బ్యాంకులో చేరాలా అని అడిగావు. ఒకే చదువుకు మూడు దారులు, కానీ లోపల చేసే పని వేరువేరు.

ముందు పరీక్షల సంగతి తేల్చేద్దాం. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ 1961లో పుట్టింది, పరీక్ష యూపీఎస్సీది. ఆగస్టు 1 నాటికి 21 నిండాలి, 30 నిండకూడదు, రిజర్వేషన్ సడలింపులు మామూలే. రాతకు 1,000 మార్కులు, ఇంటర్వ్యూకు 200. రాతలో ఎకనామిక్స్‌వే నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 200. ప్రశ్నలూ జవాబులూ అన్నీ ఇంగ్లీషులోనే. మన పిల్లలు ఎక్కువమంది తెలియక పోగొట్టుకోరు, పూర్తిచేయలేక పోగొట్టుకుంటారు. మూడు గంటలకు 200 మార్కులంటే పది మార్కుల ప్రశ్నకు తొమ్మిదే నిమిషాలు. అందులోనే గ్రాఫు గీయాలి, అక్షాలకు పేర్లు పెట్టాలి, రెండు పేరాలు రాయాలి. వారానికి రెండు పాత పేపర్లు గడియారం ఎదురుగా పెట్టుకుని చేత్తో రాయి.

రిజర్వ్ బ్యాంకులో నీకు సరిపడేది గ్రేడ్ బి ఆఫీసరు ఉద్యోగం, డీఈపీఆర్ అనే ఆర్థిక పరిశోధన విభాగంలో. ఎమ్మేలో 55 శాతం ఉండాలి. అక్కడ ఇంగ్లీషు వ్యాసం కీబోర్డు మీద టైపు చేయాలి, వేళ్లకు ఆ అలవాటు కూడా చేయించు. రెండుచోట్లా పోస్టులు చాలా తక్కువ, కాబట్టి రెండిటికీ కలిపే చదువు. సిలబస్‌లో చాలా భాగం ఒకటే.

ఇక పని. సిద్ధాంతం తెలిసినవాళ్లకు కొదవ లేదు. అంకె ఎక్కడ పుట్టిందో, దేనితో పోల్చాలో తెలిసినవాళ్లకే గిరాకీ. 2023 జూలై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో వంద దాటింది. ఆ నెల చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతం. మరుసటి ఏడాది జూలైలో మొదట విడుదలైన అంకె 3.54. ‘ధరలు సగానికి తగ్గాయి’ అని రాసేస్తే అదే రోజు నీ పరువు పోతుంది. ధరలు తగ్గలేదు, పెరిగే వేగం తగ్గింది. అదీ చాలావరకు పోల్చిన నెల అసాధారణంగా ఎత్తులో ఉండబట్టి. ధరల మట్టం చూపే సూచీ 100 నుంచి 110కి వెళ్లి, తర్వాతి ఏడు 112 అయిందనుకో. మొదట పది శాతం, తర్వాత 1.8. సరుకు కొనేవాడికి మాత్రం 112 రూపాయలే. ఏ శాతం రాసినా పక్కన సూచీని కూడా చూడు. బేస్ ఇయర్ (సూచీని 100గా తీసుకునే ఏడు) మారినప్పుడు లింకింగ్ ఫ్యాక్టర్ (పాత సూచీని కొత్తదానితో కలిపే గుణకం) లేకుండా పాత శ్రేణికి కొత్త శ్రేణిని అతికించకు.

బ్యాంకులు ఇచ్చిన అప్పుల లెక్కలోనూ ఇలాంటి గుంటలే. 2023 జూలై 1న హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయింది. అంతవరకు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ పద్దుల్లో ఉన్న అప్పులు ఆ రోజు నుంచి బ్యాంకు అప్పులయ్యాయి. కొత్తగా ఒక్కరు అప్పు తీసుకోకపోయినా వృద్ధి రేటు గంతేసింది. అందుకే రిజర్వ్ బ్యాంకు విలీనాన్ని కలిపి ఒక అంకె, తీసేసి ఒక అంకె ఇచ్చింది. గ్రాఫులో ఎక్కడైనా నిట్టనిలువు మెట్టు కనబడితే ముందు ఫుట్‌నోట్ చదువు, వ్యాఖ్యానం తర్వాత.

బ్యాంకులో చేరితే ట్రెజరీ వాళ్లకు, అంటే బ్యాంకు డబ్బును బాండ్లలో పెట్టి చూసుకునేవాళ్లకు, పొద్దున మార్కెట్ తెరవకముందే నోట్ అందాలి. వాళ్లడిగేది ఒక్కటే: వడ్డీ రేటు ఎటు, మన బాండ్లకు ఎంత దెబ్బ? లెక్క నోటికి రావాలి. మోడిఫైడ్ డ్యురేషన్ (రాబడి రేటు ఒక శాతం పాయింటు మారితే బాండు ధర సుమారు ఎన్ని శాతం మారుతుందో చెప్పే కొలత) 7 ఉన్న బాండ్లు వెయ్యి కోట్లవి ఉన్నాయనుకో. యీల్డ్, అంటే ఆ రాబడి రేటు, 25 బేసిస్ పాయింట్లు (ఒక్కోటి శాతం పాయింటులో నూరోవంతు) పెరిగితే విలువ సుమారు 1.75 శాతం, అంటే 17.5 కోట్లు పడిపోతుంది. రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.50 నుంచి 6.25కి దిగితే ‘0.25 శాతం తగ్గింది’ అని రాయకు, అది 6.50లో 0.25 శాతం అనీ అర్థమవుతుంది, 25 బేసిస్ పాయింట్లు అను. ఈ తేడా తెలియనివాళ్ల నోట్ రెండో లైను దాకా ఎవరూ చదవరు.

ప్రభుత్వంలో వేగం కన్నా జాడ ముఖ్యం. ఈరోజు ఫైల్లో రాసిన అంకెను రేపు పార్లమెంటు ప్రశ్నకు జవాబులో పెడతారు. నక్షత్రపు గుర్తు ప్రశ్న (నోటితో జవాబు చెప్పాల్సినది) అయితే సభలో మంత్రిగారిని అనుబంధ ప్రశ్నలు కూడా అడుగుతారు, వాటికీ నోట్ నువ్వే తయారుచేయాలి. అందుకని ప్రతి అంకె పక్కన నాలుగు సంగతులు రాసిపెట్టుకో: ఏ పట్టిక, ఏ తేదీన తీసింది, తాత్కాలికమా సవరించినదా, లక్షలా కోట్లా. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకు. ఒక పత్రం లక్షల్లో, ఇంకొకటి కోట్లలో ఉంటే పొరపాటు వంద రెట్లు.

నోట్ ఒక పేజీ దాటనివ్వకు. మొదటి వాక్యంలోనే నిర్ణయం ఏం కావాలో చెప్పు. తర్వాత రెండు మూడు మార్గాలు, ఒక్కోదానికి ఖర్చెంత, ఎవరు నష్టపోతారు. ఆ పైన నీ సిఫార్సు. సమీకరణాలుంటే అనుబంధంలోకి తొయ్యి. ‘ఒకవైపు ఇలా, మరోవైపు అలా’ అని తప్పుకుంటే సంతకం పెట్టాల్సినవాళ్లు విసుక్కుంటారు, అందులో న్యాయం ఉంది.

పదవుల గురించి భ్రమలు వద్దు. మన తెలుగువాళ్లు వై.వి. రెడ్డిగారు, దువ్వూరి సుబ్బారావుగారు రిజర్వ్ బ్యాంకు గవర్నర్లయ్యారు, నిజమే. ఇద్దరూ ఐఏఎస్ నుంచి వచ్చారు. ముఖ్య ఆర్థిక సలహాదారు కుర్చీకి కూడా తరచూ బయటి ప్రొఫెసర్లనే తెస్తారు. ఐఈఎస్‌లో చేరితే సలహా నీది, నిర్ణయం ఇంకొకరిది. అది మింగుడుపడకపోతే ఇప్పుడే చెప్పు, వేరే దారి చూద్దాం.

ఈలోగా ఒక పని. మన రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లోంచి ఏదైనా ఒక్క శాఖను ఎంచుకో. ఒకే సంవత్సరానికి బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, చివరికి లెక్కల్లో తేలిన ఖర్చు పక్కపక్కన పెట్టు. మూడోది రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో దొరుకుతుంది, అక్కడే చాలామంది వెతకడం మానేస్తారు. మూడింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో ఒక్క పేజీలో రాసి పది రోజుల్లో పంపు. ఎర్ర పెన్ను నా దగ్గర సిద్ధంగా ఉంది.

పెదనాన్న