ముత్తాత ఇంటిని పాత హైదరాబాద్ మ్యాపులో ఎలా పట్టుకోవాలి?

మీ ముత్తాతగారు 1915 ప్రాంతంలో చార్మినార్ పక్కనున్న చార్‌కమాన్ దగ్గర ఉండేవారని, ఆనాటి మ్యాపు ప్రింటు తీయిస్తే ఇల్లు తెలుస్తుందా అని అడిగారు. తెలిసే అవకాశం బాగానే ఉంది. మా అమ్మమ్మ పుట్టిల్లు ఆ పక్క గల్లీలోనే, ఆ ఇంటిని నేను అలాగే పట్టుకున్నాను.

ఇంటి నంబరుతో మాత్రం వెతకొద్దు. ఇప్పటి మున్సిపల్ నంబర్లు ఆ మ్యాపుల్లో ఉండవు. ఇంట్లో పాత దస్తావేజు ఉందేమో చూడండి. మా ఇల్లు దొరికింది అందులో రాసిన హద్దుల వల్లే: ఒక పక్క గల్లీ, ఒక పక్క బావి, మిగతా రెండు పక్కలా ఇళ్లు. నిజాం కాలపు కాగితం ఎక్కువగా ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివిపెట్టేవాళ్లు కావాలి. తేదీ ఫస్లీలో (నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సరాల లెక్క) ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపండి. 1322 ఫస్లీ అంటే సుమారు 1912-13.

మీకు కావలసినవి లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912-15 మధ్య తయారైన మున్సిపల్ సర్వే మ్యాపులు. ఇళ్లు, సందులు, బావులు విడివిడిగా కనిపించేంత వివరంగా గీశారు. ముందు చార్‌కమాన్ మధ్యలో ఉన్న ఫౌంటెన్, గుల్జార్ హౌజ్‌ని గుర్తుపట్టండి. దాని చుట్టూ నాలుగు కమాన్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కణ్ణించి గల్లీ గల్లీ లెక్కపెట్టుకుంటూ వెళ్లండి.

ఆ సంవత్సరాలు చాలా ముఖ్యం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో కొట్టుకుపోయిన ఇళ్లు ఇందులో దొరకవు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ తర్వాత రోడ్ల కోసం ఇరుకు ఇళ్లు తీయించింది, పత్తర్‌గట్టీ బజారు కట్టించింది. అలా పోయిన ఇళ్లు మాత్రం ఇందులో కనిపిస్తాయి. ఇప్పుడు వెళ్తే ఇల్లే లేని కుటుంబాలకు ఈ మ్యాపు ఎంత విలువైనదో చెప్పలేను.

ప్రింటు పెద్ద సైజులో తీయించండి, ఫోన్‌లో చూస్తే పక్క సందు కూడా అర్థం కాదు. ఇల్లు రెండు షీట్ల అంచున పడొచ్చు, అందుకని పక్క షీట్లూ తీసుకోండి. వాటిని అతికించి మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల ముందు పరవండి. "ఇల్లు ఎక్కడ?" అనకుండా, "నీళ్లకి ఎటు వెళ్లేవాళ్లు? గుడికి ఏ దారి?" అని అడగండి. మా పెద్దమామయ్య మ్యాపు చదవలేరు, అయినా బావి దగ్గర వేలు పెట్టి మూడు తరాల ఇరుగుపొరుగు పేర్లు చెప్పుకొచ్చారు. ఆ పేర్లు అక్కడికక్కడే పెన్సిల్‌తో ప్రింటు మీద రాసేయండి.