చిన్న డిగ్రీ కాలేజీలో కావలసిన మైనర్ ఇవ్వలేమంటే ఏం చేయాలి?

చిత్తూరు దగ్గర చిన్న కాలేజీలో మ్యాథ్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్ట్) చేస్తున్నానని, స్టాటిస్టిక్స్ మైనర్ (దానికి తోడుగా తీసుకునే రెండో సబ్జెక్ట్) అడిగితే "చాలినంత మంది లేరు, ఫిజిక్స్ తీసుకో" అన్నారని రాశావు. టెన్షన్ పడకు తమ్ముడూ, కానీ ఆలస్యం చేయకు. డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్ట్ ఉండే సింగిల్ మేజర్ పద్ధతి మన రాష్ట్రంలో మొదలైన 2023–24లో నేనూ ఆ చుట్టుపక్కలే డిగ్రీలో చేరాను. నాకూ ఇదే జవాబు వచ్చింది.

చిన్న కాలేజీలో ఒక సబ్జెక్ట్ నడపాలంటే పాఠం చెప్పే లెక్చరర్ ఉండాలి, వినే పిల్లలు ఉండాలి. ఒక్కడివే వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్ గారికి నీ మీద ఎంత అభిమానం ఉన్నా క్లాసు పెట్టలేరు. కాబట్టి ముందు "కనీసం ఎంతమంది ఉంటే నడుపుతారు సార్?" అని అడిగి తెలుసుకో. మేం మా క్లాసులోనే వెతుక్కోకుండా ఎకనామిక్స్ వాళ్ల దగ్గరికి కూడా వెళ్లాం. పీజీలో స్టాటిస్టిక్స్ పేపర్ ఉంటుందని భయపడేవాళ్లు అక్కడే దొరికారు. అందరం ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టి, ముందు హెచ్‌ఓడీ మేడమ్‌కు చూపించాం. ప్రిన్సిపాల్ గారితో ఆవిడే మాట్లాడి గెస్ట్ లెక్చరర్‌ను పెట్టించారు. ఇదంతా ఆప్షన్ ఫారాలు ఇచ్చే గడువులోపే జరగాలి.

తర్వాత టైమ్‌టేబుల్ వేసే సార్ ఎవరో కనుక్కో. ల్యాబ్‌తో క్లాష్ అయితే క్లాసును పొద్దున్నే పెడదామంటారు. సరే అనేముందు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లను అడుగు. వాళ్లు అందుకోలేక మానుకుంటే మళ్లీ సంఖ్య తగ్గిపోతుంది. మా దగ్గర దాదాపు అంతవరకూ వచ్చింది, మధ్యాహ్నానికి మార్పించుకున్నాక నిలబడింది.

ఎంత తిరిగినా కుదరకపోతే స్వయం (SWAYAM) అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఉంది. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయంలో చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అయితే చేరకముందే ఆ కోర్సును నీ మైనర్ కింద లెక్కిస్తారో లేదో కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకో. పరీక్ష మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి.

తిరుపతిలో వేరే కాలేజీకి మారమని ఎవరో చెప్పారన్నావు. ఒక్క మైనర్ కోసం హాస్టల్ ఖర్చు ఇంట్లోవాళ్ల మీద వేయడం నాకైతే ఇష్టం లేదు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మీదే నీ మనసుంటే, పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ నోటిఫికేషన్‌లో డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలన్నారో చదివాకే ఆ మాట ఇంట్లో ఎత్తు.

మీ ఫారం చివరి తేదీ ఎప్పుడో రాయి, లెటర్ ఎలా రాయాలో చెప్తాను.