హోమ్‌లో ఉన్న పెద్దమ్మ బరువు తగ్గిపోతోంది.. ఆకలి టానిక్ ఇప్పించాలా?

ప్రశ్న: మా పెద్దమ్మకు 79 ఏళ్లు. ఏడాదిగా వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటోంది. ఎత్తు 150 సెంటీమీటర్లు. నాలుగు నెలల క్రితం 52 కిలోలు ఉండేది, ఇప్పుడు 46.5 కిలోలకు వచ్చింది. మతిమరుపు జబ్బు (డిమెన్షియా), షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, వాటితో పాటు బీపీ మాత్రలు వాడుతోంది. ఐదు నెలల క్రితం మతిమరుపుకని డోనెపెజిల్ మొదలుపెట్టి, తర్వాత 10 మిల్లీగ్రాములకు పెంచారు. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 6.4 వచ్చింది. సిబ్బందిని అడిగితే ‘బాగానే తింటున్నారు, వయసు కదా’ అంటున్నారు. ఆకలి పుట్టించే టానిక్ ఏదైనా ఇప్పించాలా?

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు లెక్క చూడండి. 52 కిలోల మనిషి నాలుగు నెలల్లో 5.5 కిలోలు తగ్గారంటే ఒంట్లో పదో వంతుకు పైగా పోయినట్టు. నెలలో 5 శాతం, మూడు నెలల్లో 7.5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం.. వీటిలో ఏ హద్దు దాటినా దాన్ని తీవ్రమైన తగ్గుదలగానే లెక్కిస్తాం. పెద్దమ్మగారు ఆరు నెలల హద్దును నాలుగు నెలల్లోనే దాటేశారు. వయసు వల్ల కండ కరగడం ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే వ్యవహారం. ఇలా నెలల్లో జారిపోదు. కాబట్టి ‘వయసు కదా’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. పోతున్నది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. మంచం మీంచి లేవడానికి, దగ్గి కఫాన్ని బయటికి తేవడానికి, పడినప్పుడు తేరుకోవడానికి ఆ కండే ఆధారం.

అయితే ఆ 46.5 నిజమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. హోముల్లో బరువు తప్పుగా నమోదు కావడం చాలా మామూలు. ఒక నెల ఉదయం, మరో నెల భోజనం తర్వాత తూస్తారు. ఒకసారి చెప్పులతో, ఇంకోసారి శాలువాతో తూస్తారు. చక్రాల కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేటప్పుడు వేరే కుర్చీ బరువు తీసేస్తారు. ఒకే మిషన్ మీద, ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, పలచటి బట్టలతో తూచమనండి. ఇకపై నెలకోసారి కాదు, వారానికోసారి. కాళ్ల వాపు ఉందో లేదో కూడా ఆ పక్కనే రాయించండి. నీరు పడితే కిలోలు పెరిగినట్టు కనిపిస్తాయి, లోపల కండ కరిగిపోతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ఈ వారంలో కనీసం రెండు పూటలు, ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి, భోజనాల వేళకు వెళ్లి మొదటి నుంచి చివరి దాకా పక్కన కూర్చోండి. మీరు తినిపించొద్దు. మొదటి పూట చూడటమే. ‘బాగానే తింటున్నారు’ అన్నది అబద్ధం కాకపోవచ్చు. కంచం ఖాళీగా వెనక్కి వెళ్లిందని వాళ్లకు తెలుసు. అందులో ఎంత నోట్లోకి వెళ్లింది, ఎంత ఒళ్లో పడింది, ఎంత పక్కవారి కంచంలోకి మారింది అన్నది ఎవరూ చూడలేదు.

ఏం చూడాలంటే.. కంచం ఆవిడకు అందే దూరంలో ఉందా? డబ్బా మూత ఎవరైనా తీసి ఇచ్చారా? కళ్లజోడు పెట్టుకున్నారా, కట్టుడు పళ్లు నోట్లో ఉన్నాయా, సొరుగులో ఉన్నాయా? తెల్లటి కంచంలో తెల్లటి పదార్థం మతిమరుపు ఉన్నవారికి సరిగా కనబడదు. ముదురు రంగు కంచం పెడితే చాలామంది ఇంకాస్త తింటారు. నాలుగైదు గిన్నెలు ఒకేసారి ముందు పెడితే ఏది తినాలో తోచక చేతులు ముడుచుకుంటారు. ఒక్కొక్కటే పెట్టాలి. టీవీ మోత ఉంటే ముద్ద మధ్యలోనే ఆగిపోతుంది. చెంచా పట్టడం రాకపోతే చేత్తో పట్టుకుని కొరుక్కు తినే మెత్తటి ముక్కలు ఇవ్వాలి. ముఖ్యంగా గడియారం చూడండి. సాయం కావాల్సిన మనిషికి ఒక పూట భోజనానికి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో కంచం తీసేస్తున్నారంటే మీకు కారణం దొరికినట్టే.

ముద్దకూ ముద్దకూ మధ్య నోరు ఒకసారి చూడండి. బుగ్గలో ముద్ద అలాగే దాచుకుని ఉంటారు, తినిపించేవారు దాని మీదే ఇంకో ముద్ద పెడతారు. మింగేటప్పుడు దగ్గు, తాగాక గొంతు బొంగురుగా, నీళ్లు నిండినట్టు పలకడం, తరచూ జ్వరం, నిమ్ము.. వీటిలో ఏది కనిపించినా మింగే సామర్థ్యాన్ని స్పీచ్ థెరపిస్టుతో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష అయ్యేవరకూ బలమని చెప్పి కొత్తవేవీ పెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చిన్న చెంచాతో, మింగారని చూసుకున్నాకే తర్వాతి చెంచా ఇవ్వాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పడుకోబెట్టి తినిపించడం మాత్రం ఎక్కడ కనబడినా అక్కడే ఆపించండి. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం దాంతోనే ఎక్కువ.

చిన్న టార్చి వేసి నోరు కూడా చూడండి. నాలుక మీద తెల్లటి పూత, చిగుళ్ల మీద పుండు, కదులుతున్న పన్ను ఉంటే నొప్పి అని ఆవిడ చెప్పలేకపోవచ్చు, నోరు మాత్రం మూసుకుంటారు. బరువు తగ్గితే చిగుళ్లు కూడా కుంచించుకుపోయి, నిరుడు సరిపోయిన కట్టుడు పళ్లు ఇప్పుడు వదులవుతాయి. వదులైన పళ్లతో నమలలేక ఇంకా తగ్గుతారు. దంతవైద్యుడు సరిచేస్తే తీరే సమస్య ఇది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కంటపడింది మందుల జాబితా. డోనెపెజిల్ మొదలైంది ఐదు నెలల క్రితం, బరువు జారడం మొదలైంది నాలుగు నెలల క్రితం. ఈ మందుకు వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం తెలిసిన దుష్ప్రభావాలే. మోతాదు 10కి పెంచాక ఇవి ఎక్కువవుతాయి. కారణం ఇదేనని ఇక్కడి నుంచి తేల్చలేను గానీ, మొదట అనుమానించాల్సింది దీన్నే. మీ అంతట మీరు ఆపకండి. రాసిచ్చిన డాక్టర్‌కు బరువుల పట్టీ చూపించి, మోతాదు తగ్గించడమో, కొన్ని వారాలు ఆపి చూడటమో కుదురుతుందా అని అడగండి. మెట్‌ఫార్మిన్ కూడా ఆకలిని చంపుతుంది. నోట్లో లోహపు రుచి, విరేచనాలు దానివల్ల రావచ్చు. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గుతుంది.

గ్లిమెపిరైడ్ విషయం మాత్రం వారం కూడా ఆగేది కాదు. అన్నేళ్ల వయసులో, మతిమరుపుతో, సగం కడుపుతో ఉన్న మనిషికి హెచ్‌బీఏ1సీ 6.4 అంటే ‘షుగర్ బాగా కంట్రోల్‌లో ఉంది’ అని సంతోషించే అంకె కాదు. తిండి తగ్గినా మాత్ర తగ్గకపోతే షుగర్ 70 కిందికి పడిపోతుంది. చెమటలు, మగత, అయోమయం.. మతిమరుపు ముదిరిందని అందరూ అనుకుంటారు. అంత బలహీనంగా ఉన్నవారికి 8 వరకూ, కొందరికి 8.5 వరకూ ఉన్నా పరవాలేదని వదిలేస్తాం. రేపే డాక్టర్‌తో మాట్లాడి ఈ మాత్ర తగ్గించడమో, మానిపించడమో అడగండి. ఈలోగా ఆవిడ పూట భోజనం తినలేదంటే, ఆ పూట మాత్ర ఇచ్చే ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలని సిబ్బందికి చెప్పి ఉంచండి. బీపీ మాత్రలదీ అదే సంగతి. మనిషి తగ్గేకొద్దీ పాత మోతాదు ఎక్కువవుతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పడుకున్నప్పుడు, నిలబెట్టాక బీపీ రెండుసార్లు చూడాలి.

పరీక్షల్లో రక్తకణాలు, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయా చెప్పేది), థైరాయిడ్, కిడ్నీ, లివర్, సోడియం, పొటాషియం, కాల్షియం, బీ12, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే చాలు మొదటి విడతకు. ‘ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) మామూలుగానే ఉంది కాబట్టి పోషణ బాగుంది’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆల్బుమిన్ ఒంట్లో వాపును, ఇన్‌ఫెక్షన్‌ను బట్టి మారుతుంది, తిండిని కొలిచే సాధనం కాదు. మలబద్ధకం ఉందా, మనసు కుంగి ఉన్నారా అన్నవి రక్తంలో దొరకవు. అడిగి తెలుసుకోవాలి.

తిండి దగ్గరికొద్దాం. కిలోకు 30 కేలరీల చొప్పున ఆవిడకు రోజుకు సుమారు 1,400 కేలరీలు, కిలోకు గ్రాము నుంచి 1.2 గ్రాముల చొప్పున 47 నుంచి 56 గ్రాముల ప్రొటీన్ కావాలి. కోల్పోయినది తిరిగి రావాలంటే ఆ పైన మరో మూడు, నాలుగు వందల కేలరీలు. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఎక్కువ వడ్డించడం. నిండు కంచం చూడగానే ఆకలి లేని మనిషికి వెగటు పుడుతుంది. పరిమాణం పెంచొద్దు, అదే ముద్దలో సత్తువ పెంచండి.

అర లీటరు వెన్న తీయని పాలలో నాలుగు పెద్ద చెంచాలు, అంటే 50 నుంచి 60 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి. ముందు కొద్ది పాలలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మిగతాది పోయాలి. దాంతో సుమారు 200 కేలరీలు అదనంగా చేరతాయి, ప్రొటీన్ రెండింతలు దాటుతుంది. రోజంతా ఆవిడకు పాలు వాడేచోటల్లా ఇవే వాడాలి. మెత్తటి కూరలో, సూప్‌లో, జావలో ఒక్కో చిన్న చెంచా వెన్నో నూనో కలిపితే చెంచాకు 40 కేలరీల దాకా వస్తాయి. రోజుకు నాలుగు చెంచాలు చాలు. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, 70 కేలరీలు. ఈ మూడూ కలిపితే రోజుకు 400 పైనే, పొట్ట మీద బరువు పడకుండా. పాలు పడక విరేచనాలైతే పెరుగుకు మార్చండి. భోజనానికి ముందు గ్లాసుల కొద్దీ నీళ్లు పట్టించకూడదు, కడుపు వాటితోనే నిండిపోతుంది. నీళ్లు, పాలు, పానీయాలన్నీ కలిపి రోజుకు 1.6 లీటర్లు అవసరమే గానీ అది భోజనాల మధ్య తాగాలి. గుండె, కిడ్నీ డాక్టర్ హద్దు పెట్టి ఉంటే ఆ హద్దే.

మూడు పూటల బదులు ఐదారుసార్లు పెట్టించండి. పొద్దున మనిషి చురుగ్గా ఉంటే పెద్ద భోజనం పొద్దునే. మతిమరుపు ఉన్నవారికి తీపి మీద మనసు పోతుంది, దాన్ని వాడుకోవాలి. షుగర్ పేరుతో, బీపీ పేరుతో చప్పిడి తిండి పెడుతున్నారేమో చూడండి. ఈ స్థితిలో ఆ పథ్యం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. డాక్టర్‌తో మాట్లాడి దాన్ని ఎత్తేయించండి.

ఇవన్నీ చేసినా చాలకపోతే డబ్బాల్లో వచ్చే పోషక పానీయం. రోజుకు కనీసం 400 కేలరీలు, 30 గ్రాముల ప్రొటీన్ వచ్చేలా, కనీసం నెలరోజులు. భోజనం బదులు కాదు, రెండు భోజనాల నడుమ. బల్ల మీద పెట్టి వెళ్లిపోతే ఎవరూ తాగరు. మందు ఇచ్చినట్టు చేతికిచ్చి, తాగేదాకా ఉండాలి.

మీరడిగిన ఆకలి టానిక్ సంగతి. సైప్రోహెప్టడిన్ సిరప్ ఈ వయసులో మగత, మలబద్ధకం, మూత్రం బిగియడం తెస్తుంది, మతిమరుపు మందుకు సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఆకలికే ఇచ్చే మరో మందు మెజెస్ట్రాల్ వల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పుంది, వచ్చే లాభం స్వల్పం. రెండూ వద్దు. మనసు కుంగుబాటు ఉందని తేలితే మిర్టజపిన్ లాంటిది డాక్టర్ ఇవ్వవచ్చు, దాంతో ఆకలి కూడా కొంత పెరుగుతుంది. ఉత్త ఆకలికని మాత్రం కాదు.

తిన్నది కండగా మారాలంటే కదలిక కావాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదుసార్లు, రోజుకు రెండు మూడు విడతలు, పక్కన మనిషి ఉండగా.

హోమ్ వాళ్లతో పోట్లాటగా కాకుండా కాగితం మీద మాట్లాడండి. నర్సు, వంట చూసేవారు, తినిపించేవారు ముగ్గురూ ఉన్నప్పుడు కూర్చుని.. ఎవరు తినిపిస్తారు, ఎన్ని నిమిషాలు, పాలు ఎవరు కలుపుతారు, బరువు ఏ వారం ఎవరు చూస్తారు అన్నది పేర్లతో రాయించండి. మూడు రోజులు ప్రతి పూటా ఎంత తిన్నారో పావు, సగం, ముప్పావు అని పట్టీలో రాస్తే చాలు, ఏ పూట జారుతోందో తెలిసిపోతుంది. మీ వంతుగా వారానికి కొన్ని పూటలు వెళ్లి పక్కన కూర్చుని మీరూ తినండి. ఒంటరిగా తినేదానికంటే ఎదుట మనిషి తింటుంటే వాళ్లూ ఎక్కువ తింటారు. మొదటి నెల బరువు ఆగితే చాలు, అదే విజయం. ఆ తర్వాత నెలకు అర కిలో నుంచి కిలో దాకా పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే మాత్రం అది తిండి కాదు, నీరు. డాక్టర్‌కు చెప్పాలి.

ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకుండా ఉన్న మనిషికి ఒక్కసారిగా పుష్టిగా పెట్టకూడదు. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పడిపోయి గుండెకు ప్రమాదం. సగంతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ పెంచాలి. అలాంటి స్థితి వస్తే, లేదా మింగలేకపోవడం, ఆయాసం, జ్వరం, లేపినా లేవని మగత, నల్లటి విరేచనం కనబడితే ఆసుపత్రికే.

ఒక మాట ముందే చెప్పడం మంచిది. మతిమరుపు జబ్బు చివరి దశకు చేరాక తినడం మానేస్తే, ముక్కు నుంచో పొట్టకో గొట్టం వేయమని కొందరు ఒత్తిడి చేస్తారు. ఆ దశలో గొట్టం ఆయుష్షును పెంచదు, నిమ్మునూ ఆపదు. పైగా దాన్ని పీకేయకుండా చేతులు కట్టేయాల్సి వస్తుంది. చిన్న చెంచాతో, ఆవిడ కోరినంత, చేత్తో తినిపించడమే అప్పుడు సరైన దారి. పెద్దమ్మగారు ఇప్పుడు ఆ దశలో లేరు. మందులు సరిచేస్తే, పూటకు అరగంట ఎవరైనా పక్కన కూర్చుంటే పోయిన బరువులో చాలా మటుకు వెనక్కి వచ్చే అవకాశం ఆవిడకు ఉంది.