‘సద్ధణంగ’ అంటే ఏంటి, ‘నందరు’ ఎవరు?

సందేహం: డిసెంబరు వస్తే మా చర్చిలో క్యారల్స్ ప్రాక్టీసు మొదలవుద్దండి. ‘శుద్ధరాత్రి సద్ధణంగ నందరు నిద్రపోవ, శుద్ధ దంపతుల్ మేల్కొనగా బరిశుద్ధుడౌ బాలకుడా, దివ్య నిద్ర పొమ్మా’ అని చిన్నప్పట్నుంచీ పాడుతున్నా గానీ సద్ధణంగ అంటే ఏంటో ఎవర్నడిగినా తెలీదనే అంటున్నారు. ఈసారి మా అబ్బాయి పట్టుకున్నాడు. నందరు ఎవరు, బరిశుద్ధుడు అచ్చుతప్పా, ‘శుద్ధ దండగ’ లాగా ఈ ‘శుద్ధ దంపతులు’ ఏంటి, ఇంగ్లీషులో సైలెంట్ నైట్ కదా మరి తెలుగులో నిశ్శబ్దం ఏదీ అని. నా డౌటు ఇంకోటుంది, మరియమ్మ కన్య కదా, దంపతులు అనొచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ అబ్బాయి అడిగిన నిశ్శబ్దం ఆ సద్ధణంగలోనే ఉందమ్మా. సద్దు అంటే చప్పుడు. సంస్కృతం శబ్దమే ప్రాకృతంలో సద్ద అయ్యి మన దగ్గరికొచ్చేసరికి సద్దు అయింది. అణగటం అంటే తగ్గిపోవటం. ‘గొడవ సద్దుమణిగింది’ అని పేపర్లో రోజూ చదువుతాం చూడండి, దానికి ఇది దగ్గరి చుట్టం. సద్దు, అణంగ కలిస్తే సద్దణంగ, చప్పుళ్లన్నీ అణిగిపోగా అని అర్థం. ద కింద ఆ ధ వత్తు మాత్రం తప్పే, పక్కనే శుద్ధ ఉంది కాబట్టి దాన్నుంచి అంటుకుందని నా అనుమానం, ప్రాస కూడా కుదిరినట్టు అనిపించి ఎవరూ తియ్యలేదేమో. సైలెంట్ అన్నది సద్దణంగలోకి, హోలీ అన్నది శుద్ధలోకి వెళ్లాయన్నమాట, ఏదీ పోలేదు.

నందరు ఎవరూ కాదు, అందరే. పాతకాలపు రూపం అణంగన్, దాని చివర న్ వెళ్లి పక్కమాటని పట్టుకుంటే ‘అణంగ నందరు’ అవుద్ది. ట్యూన్ అక్కడ ఆగుతుంది కాబట్టి న అవతలి పక్కన పడి నందరు అని వినపడుతుంది, నందుడి వంశమేమో అనుకునేవాళ్లు కూడా ఉంటారు! బరిశుద్ధుడు కూడా అచ్చుతప్పు కాదు. పూచెన్, కలువలు కలిస్తే ‘పూచెఁ గలువలు’ అని బళ్లో సరళాదేశ సంధి చెప్తారు కదా, అదే ఇది, మేల్కొనగాన్ తర్వాత పరిశుద్ధుడు వస్తే ప కాస్తా బ అయింది. పాత కీర్తనల పుస్తకాల్లో దాని ముందు అరసున్న ఉంటుంది, ఇప్పుడు ప్రొజెక్టర్ మీద వేసే స్లైడ్లలో అరసున్నలు ఎగిరిపోయి బ ఒక్కటే మిగిలింది, పిల్లలు నవ్వటంలో తప్పేముంది.

శుద్ధ మాటకొస్తే, ‘శుద్ధ అబద్ధం, శుద్ధ మొద్దు’ అంటాం చూడండి, అక్కడ వేరేదేం కలవని, అచ్చంగా అదే, అని అర్థం. మురికి కలవనిది అనే మొదటి అర్థం నుంచే అది పుట్టింది గానీ, వాడివాడి తిట్ల పక్కనే ఎక్కువ కనపడుతుంది, అందుకే మీవాడి చెవికి అలా తగిలింది.

ఇప్పుడు దంపతుల సంగతి, నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. మనం వినే ఇంగ్లీషు పాటలో దంపతులు లేరు, ‘కన్యయైన తల్లి, బిడ్డ’ మాత్రమే ఉన్నారు. అది జాన్ ఫ్రీమన్ యంగ్ 1859లో చేసిన అనువాదం. అసలు పాట జర్మన్‌లోది, జోసెఫ్ మోర్ అనే ఫాదరుగారు 1816లో రాసుకున్న పద్యానికి స్కూలు టీచరు ఫ్రాంజ్ గ్రూబర్ ట్యూన్ కడితే 1818 క్రిస్మస్ ముందురోజు ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో గిటారు మీద పాడారు. ఆ జర్మన్‌లో ఏముందంటే, అంతా నిద్రపోతున్నారు, పవిత్రమైన ఆ జంట మాత్రమే మెలకువగా ఉంది, అని. మన పాట చూడండి, ‘అందరు నిద్రపోవ, శుద్ధ దంపతుల్ మేల్కొనగా’. ఇంగ్లీషులో లేనిది జర్మన్‌లోంచి తెలుగులోకి దిగిందంటే ఊరికే కాదు. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్ మిషన్‌లో పనిచేసినవాళ్లలో జర్మన్లు ఉన్నారు, 1842లో మీ గుంటూరే వచ్చిన ఫాదర్ హయ్యర్ పుట్టింది కూడా జర్మనీలోనే. ఆ దారినే వచ్చుండాలని నేననుకుంటా.

దంపతులు అనొచ్చా అంటే, మత్తయి సువార్త మొదటి అధ్యాయమే ఒప్పుకుంటుంది. వాళ్లు ఏకం కాకముందే మరియ పరిశుద్ధాత్మ వల్ల గర్భవతి అయిందని చెప్తూనే, దూత యోసేపుతో మాట్లాడేటప్పుడు ‘నీ భార్యయైన మరియ’ అంటాడు. యూదుల్లో ప్రధానం అంటే మన నిశ్చితార్థం లాంటిది కాదు, దాన్ని తెంచుకోవాలంటే విడాకులే ఇవ్వాలి. కాబట్టి ఆ మాటకి అభ్యంతరం లేదు, కన్యత్వానికీ అడ్డు రాదు. పైగా వేదకాలంలో దంపతులు అంటే ఇంటి యజమానులిద్దరూ అని, ఈ ఇద్దరికేమో ఆ రాత్రి సత్రంలో చోటే దొరకలేదు, ఆ మాట పెట్టినాయన ఇదంతా ఆలోచించే పెట్టాడని నేననను గానీ భలే కుదిరింది.

మీరు అడగలేదు గానీ ‘పొమ్మా’ గురించి కూడా చెప్పాలి. ‘దివ్య నిద్ర పొమ్మా’ అంటే పో అమ్మా అని మరియమ్మతో అంటున్నట్టు చాలామంది పాడుతుంటారు. అది పొమ్ము, నిద్రపొమ్ము, చివర ‘ఆ’ పిలుపు కోసం సాగదీసింది. పడుకోమనేది ‘బాలకుడా’ అని పిలిచిన ఆ బిడ్డని. మొత్తం చరణం ఒకటే వాక్యం చూడండి, సద్దు అణగగా, అందరూ నిద్రపోగా, వీళ్లిద్దరూ మెలకువగా ఉండగా, బాలకుడా నువ్వు పడుకో. అంటే ఇది స్తుతికీర్తన కంటే ముందు జోలపాట. లోకాన్ని కాచేవాడని నమ్మేవాణ్ని ఇద్దరు మనుషులు కాచుకుని కూర్చుని నిద్రపుచ్చుతున్నారు, దేవుడు శరీరధారి అయ్యాడని ప్రసంగాల్లో చెప్పేది ఇదే కదా. గట్టిగా డ్రమ్స్ కొట్టి పాడేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుణ్ను.

స్లైడ్లు టైపు చేసేవాళ్లకి ఈ మూడు చెప్పండి. సద్దణంగలో ధ వత్తు తీసేయండి, సున్న మాత్రం ఉంచండి, రాగం అక్కడ సాగుతుంది కాబట్టి అణగ అంటే బరువు చాలదు. నందరుని అందరు చేసినా ట్యూన్‌కి ఏం కాదు. బరిశుద్ధుడి జోలికి వెళ్లొద్దు, ముందు అరసున్న పెట్టండి, ఫాంట్‌లో అరసున్న లేకపోతే ‘మేల్కొనగా పరిశుద్ధుడౌ’ అని వేసుకున్నా నష్టం లేదు.