రిజిస్టరు జాగ్రత్త, అమ్మడూ

అమ్మడికి మామయ్య ప్రభువు నామంలో వందనాలు.

సంఘ సెక్రటరీగా నిలబడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. పర్లాకిమిడిలో మన గుడికి ఇన్నేళ్లలో ఆడపిల్ల సెక్రటరీ కాలేదు. సంతోషంతో సగం రాత్రి, భయంతో సగం రాత్రి నిద్ర లేదు.

కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, రసీదు ఆ పూటే రాయాలి, మినిట్స్ అక్కడే చదివి సంతకాలు తీసుకోవాలి. బ్యాంకులో పనిచేసేదానివి, ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది వేరే ఉంది. మనకు బిషప్పు లేడు. 1874లో కెనడా మిషనరీలు కాకినాడలో పని మొదలుపెట్టిన నాటి నుంచీ మన బాప్టిస్టుల పద్ధతిలో సంఘ సమావేశానిదే ఆఖరి మాట. అంటే సభ్యుల రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటే సంఘం వాళ్లదే. గొడవ బోధ గురించి అంటారు గానీ, తవ్వితే ఆ పుస్తకమే బయటపడుతుంది.

దానితోనే నేను పాపం చేశాను. పాస్టరుగారిని పంపేయాలని ఒక వర్గం, ఉంచాలని మా వర్గం. ఆర్నెల్లు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు, రానివాళ్ల పేరు తీసేయొచ్చని మన నియమావళిలో ఉండేది. ఎన్నికకు వారం ముందు స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో 23 పేర్లు కొట్టేశాను. ఎక్కువమంది ఒడియా ఆరాధనకు వచ్చేవాళ్లు, ఇటుక బట్టీలకు వలసపోయినవాళ్లు. మాకు ఓటెయ్యరని తెలుసు. రూలు ప్రకారమే చేశానని పైగా గర్వం!

ఎన్నిక రోజు ఒక ముసలావిడ బియ్యం మూటతో వచ్చింది. బట్టీ దగ్గరున్నన్నాళ్లూ ఎసట్లో పోసేముందు దేవుడికని గుప్పెడు తీసిపెట్టినవి. నీ పేరు లేదమ్మా అన్నాను. తెలుగూ ఒడియా కలిపి అడిగింది, "మరి బియ్యం తీసుకుంటారా?" అని.

తీసుకున్నాను అమ్మడూ. తూకం వేసి రసీదు రాసిచ్చాను. రసీదులో సభ్యత్వ నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేశాను.

7 ఓట్లతో గెలిచాం. పై ఆదివారం నుంచి వాళ్లు రేకుల షెడ్డులో కూడుకున్నారు. తర్వాత 8 ఏళ్లు కోర్టు. 1936లో మన ఊరిని ఒడిశాలో కలిపినప్పుడు కూడా గుడిలో తెలుగూ ఒడియా విడిపోలేదని మా నాన్న చెప్పేవాడు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడు. అక్కడా భాషల తగవే. రోజూ పంచేదాంట్లో తమ విధవరాళ్లను హెబ్రీయులు చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. ఆ పంపకం చూడ్డానికి సంఘం ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే. దీని మీద నేను ప్రసంగం కూడా చేశాను, సిగ్గులేకుండా.

లిస్టు నెల ముందే రెండు భాషల్లో గోడకి అంటించు. ఎవరి పేరు తీయాలన్నా ముందు వాళ్లింటికి వెళ్లు. వాట్సాప్‌లో ఎంత తిట్టినా జవాబివ్వకు. మా అమ్మ నోరే వచ్చింది నీకు, నాకు తెలీదా! మీటింగ్‌కి ముందు ఏదైనా తిను, ఆకలేస్తే నీకు కోపం ఆగదు.

నేనూ వస్తాను. సభ్యత్వం వైజాగ్‌కి మార్చుకున్నాను కాబట్టి ఓటు లేదు, వెనక బెంచీలో కూర్చుంటా. ఆ ముసలావిడ ఇప్పుడు లేదు. మనవరాలు మీ వీధి చివరే ఉంటోంది. రిజిస్టరులో ఆ పిల్ల పేరుందో లేదో ముందు చూడు.

మీ మామయ్య